బాక్సు తాళంచెవి ఎక్కడుంది? మన ట్రాన్స్‌ఫార్మర్ కింది పదకొండు మోటర్ల వాళ్లకు బహిరంగ లేఖ

అన్నలకు, తమ్ముళ్లకు, బావలకు, పెద్దమ్మకు నమస్కారం.

ఇది నలుగురూ చూసేలా రాస్తున్న ఉత్తరం. హోటల్ కాడ చాయ్ తాగుతూ చెబితే "నిజమే బావా" అని తలూపి లేచిపోతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెబితే, పక్కవాళ్ల మోటరు మీద చాడీలు చెబుతున్నానని అనుకుంటున్నారు. అందుకని అందరికీ ఒకేసారి, కాగితం మీద చెబుతున్నాను. వర్ధన్నపేట, రాయపర్తి, పాలకుర్తి దిక్కు వేరే ఊళ్ల వాళ్లు చదివినా నష్టం లేదు. అక్కడా ఇవే ట్రాన్స్‌ఫార్మర్లు, ఇవే డబ్బాలు.

సంగతి ఆటో స్టార్టర్ గురించి, అంటే కరెంటు రాగానే మనిషి లేకున్నా మోటరును నడిపించే డబ్బా గురించి.

మొన్న మాఘమాసంలో ఒక పొద్దున, ఇంకా ఆరు కూడా కాలేదు, నేను బోరు కాడికి పోతున్నాను. చింతచెట్టు దాటగానే చెప్పులు బురదలో దిగబడ్డాయి. వాన పడే కాలం కాదు. చూస్తే మన బావ వరి మడి నిండి, ఒడ్డు తెగి, నీళ్లు బండ్ల బాట మీద పారుతున్నాయి. బాట దాటి అవతలి బీడులో మడుగు కట్టాయి. ఆ మడుగులో ఏడెనిమిది కొంగలు, వాటి సొంత పొలమే అన్నట్టు నింపాదిగా నిలబడ్డాయి. బావా అక్కా ముందురోజే ములుగులో పెళ్లికి పోయారు. మోటరు మాత్రం ఎక్కడికీ పోలేదు. రాత్రి రెండుసార్లు కరెంటు పోయి వచ్చింది, వచ్చిన ప్రతిసారీ అదే లేచి నడిచింది.

బంద్ చేద్దామని బాక్సు దగ్గరికి పోతే తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే పెళ్లి బాజాల మధ్య బావకు నా మాట వినబడలేదు. రెండోసారి చేస్తే, "తాళంచెవి యాడున్నదో నాకే ఎరుక లేదు, దాన్ని తెరిచి రెండేండ్లయింది" అన్నాడు. నేను ఆ డబ్బా ముందు నిలబడి లోపల కాంటాక్టరు, అంటే మోటరుకు కరెంటు కలిపే స్విచ్చు, జుయ్యిమంటుంటే వింటూ ఉండిపోయాను. పోల్ మీది ఫ్యూజు గుంజే పని నాది కాదు, చేయి వేయకూడదు కూడా. ఆ మోటరు మధ్యాహ్నం దాకా పారింది.

ఇది బావ తప్పని రాయడం లేదు. ఎందుకంటే ఆ ఆటో కార్డు బిగించింది నేనే. మన పదకొండు మోటర్లలో ఏడింటికి బిగించింది నేనే. మీకు తెలుసు, హన్మకొండలో వైండింగ్ షాపులో పన్నెండేళ్లు చేసి, తర్వాత ఊళ్లో సొంతంగా పెట్టుకున్నాను. మీ మోటర్ల కడుపులు నాకు కొట్టినపిండి. ఆ కార్డులో పెద్ద విద్య ఏమీ లేదు. మూడు ఫేజులూ సరిగ్గా వచ్చాయా లేదా చూస్తుంది, కొన్ని సెకన్లు ఆగుతుంది, మన వేలికి బదులు పచ్చ బటన్ నొక్కుతుంది. ఎర్ర బటన్ నొక్కడం మాత్రం దానికి రాదు. మడి నిండిందని దానికి కనబడదు, ఒడ్డు తెగిందని వినబడదు. మొదలుపెట్టే పని దానికి అప్పగించి, ఆపే పని ఎవరికీ అప్పగించకుండా మనం ఇంటికి వచ్చేశాం.

అయితే ఆ డబ్బాను ఊరికే తిట్టను. అది ఎందుకు వచ్చిందో కొత్త పిల్లలకు తెలియదు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ ఏడు గంటలు, అదీ రెండు మూడు ముక్కలుగా, ఎక్కువగా రాత్రిపూట. ఎప్పుడొస్తుందో తెలియదు. రాత్రి రెండింటికి వీధి బల్బు వెలిగిందంటే ఊరంతా టార్చిలైట్లు పట్టుకుని పొలాలకు ఉరకడమే. తడి ఒడ్ల మీద, కాళ్లకు చెప్పులు లేకుండా, చేతిలో అతుకుల వైరు. పాములు కరిచినవాళ్లు, షాకు కొట్టి పోయినవాళ్లు మన చుట్టుపక్కల ఏ ఊళ్లో లేరు? మా చిన్నాయన స్టార్టర్ డబ్బా మూత తెరిస్తే లోపల వెచ్చగా చుట్టుకుని పడుకున్న పాము మీద చేయి పడింది. బతికాడు గానీ, కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. ఆయన మోటరుకే నేను మొదటి ఆటో బిగించాను. ఆ రోజుల్లో దాన్ని బద్ధకం అన్నవాణ్ని చెప్పుతో కొట్టినా తప్పులేదు.

కానీ 2018 జనవరి 1 నుంచి పొలాలకు ఇరవై నాలుగు గంటలు కరెంటు ఇవ్వడం మొదలైంది. పొద్దున ఏడింటికి పోయి వేసుకోవచ్చు, పదకొండింటికి పోయి బంద్ చేసుకోవచ్చు. చీకట్లో ఉరికే అవసరం పోయింది. అవసరం పోయినా డబ్బా మాత్రం అలాగే ఉండిపోయింది. అప్పట్లోనే ఆటోలు తీసేయండని ఊరూరా చెప్పారు, మైకులు పెట్టారు, మనచేత తలలు ఊపించారు. కరెంటు వాళ్ల జీపు వచ్చిన రోజు విప్పాం, జీపు పోయిన సాయంత్రమే బిగించాం. అందులో నా స్క్రూడ్రైవర్‌కూ పాలుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. బోరంటే కింద పెద్ద చెరువు ఉందని, పైపు దించితే గుంజుకోవడమేనని మనలో చాలామంది లెక్క. మన కింద ఉన్నది గ్రానైటు రాయి. పైన మొరం పొరలో కొంత, కింద రాతి పగుళ్లలో కొంత, అంతే నీళ్లు. ఆ పగుళ్లలోకి ఊట మెల్లగా దిగాలి. పాడి బర్రె ఉన్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పొద్దున పిండాక సాయంత్రం దాకా ఆగుతాం, మధ్యాహ్నం పోయి పొదుగు గుంజం. బోరు దగ్గర మాత్రం రాత్రీ పగలూ గుంజుతూనే ఉంటాం. గంటసేపు రెండించుల ధార నిండుగా పోస్తుంది, తర్వాత గ్యాపులు పడతాయి. కాసేపు గాలి, కాసేపు నీళ్లు. మనిషి పక్కనుంటే ఆ చప్పుడు మారగానే లేచి బంద్ చేస్తాడు. కార్డుకు చప్పుడు తెలియదు. నీళ్లు లేకుండా తిరిగి తిరిగి వైండింగ్ నల్లబడి, వార్నిషు మాడిన వాసనతో నా షాపుకు వస్తుంది. ఐదారు వేలు నాకు, మోటరు ఎత్తి దించినందుకు కూలి వేరే. ఈ ఉత్తరం పని చేస్తే ముందు పోయేది నా గిరాకీనే. మా ఆవిడ ఇప్పటికే ఆ మాట అన్నది.

కరెంటు ఫ్రీ కదా అంటారు. ఐదు హెచ్‌పీ మోటరు గంట నడిస్తే, నష్టాలు కలపకుండానే 3.73 యూనిట్లు. రాత్రి పది గంటలు ఊరికే తిరిగితే 37 యూనిట్లు. పదకొండు మోటర్లకు కలిపి ఒక్క రాత్రికి 410. ఇంటికి నెలకు 200 యూనిట్లు దాటితే గృహజ్యోతి ఫ్రీ కరెంటు పోతుందని ఫ్యాన్ ఆపుతూ, టీవీ ఆపుతూ మీటరు చుట్టూ తిరుగుతాం కదా, అలాంటి రెండిళ్ల నెల కోటా ఒక్క రాత్రిలో కొంగల మడుగులో పోస్తున్నాం. ఆ డబ్బు ఎవరు కడుతున్నారో అందరికీ తెలిసిందే, దాని మీద ఇక్కడ పంచాయితీ పెట్టను.

ట్రాన్స్‌ఫార్మర్ మాట మాత్రం పెట్టాలి. మనది 63 కేవీఏ, అది మోయగలిగే లోడు అంతే. పదకొండు ఐదు హెచ్‌పీ మోటర్లు ఒకేసారి తిరిగితేనే దానికి గొంతు దాకా వస్తుంది. పైగా మోటరు లేచే ఆ క్షణంలో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. మునుపు కరెంటు వస్తే ఏమయ్యేది? ఒకరి ఇల్లు దగ్గర, ఒకరిది దూరం. ఒకరు ఉరికి పోతారు, ఒకరు బీడీ ముట్టించుకుని పోతారు. ఒక్కో మోటరు ఒక్కో నిమిషంలో లేచేది. మన నడకలో ఉన్న తేడానే ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడింది. ఇప్పుడు కరెంటు పోయి రాగానే కార్డులన్నీ దాదాపు ఒక్కసారే బటన్ నొక్కుతాయి. ఒకరి తర్వాత ఒకరు లేచేలా ఆగే టైము పెంచుకోవచ్చని నేను చెప్పాను, మీరు "నాది ముందు లేవాలె" అని అందరూ తక్కువే పెట్టించుకున్నారు. పోయిన యాసంగిలో వరి పొట్టకు వచ్చిన రోజుల్లో మన ట్రాన్స్‌ఫార్మర్ కాలింది గుర్తుందా? నూనె కారి కింది గడ్డి నల్లబడిన మచ్చ ఇప్పటికీ ఉంది. నాలుగు రోజులు పొలాలు ఎండాయి, తలా ఇంత చందాలు వేసుకుని, ట్రాక్టర్ మీద తీసుకుపోయి తెచ్చుకున్నాం. తెచ్చి ఎక్కించిన గంటకే మళ్లీ అందరూ ఆటోలో పెట్టారు. ఆ గంటసేపు నేను అక్కడే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

మా తాత కాలంలో ఇలా లేదని మొదలుపెడితే మీకు నిద్ర వస్తుంది, నాకూ ఆ పాట అంత ఇష్టం లేదు. అయినా ఒక మాట. మన నీళ్లన్నీ ఒకప్పుడు చెరువు నీళ్లే. పాకాల, రామప్ప కాకతీయుల కాలంలో కట్టినవి, ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఇంకా పొలాలు పారిస్తున్నాయి. కట్ట గట్టిగా కట్టారు కాబట్టే నిలిచాయని అనుకుంటాం. కట్టతో పాటు తూము దగ్గర ఒక మనిషి కూడా ఉండేవాడు, నీరటి. ఏ కాలువకు ఎప్పుడు ఎంత వదలాలో అతను చూసేవాడు. పంట ఇంటికి వచ్చాక కల్లంలోనే అతని మేర, అంటే పంటలో అతని వాటా, కొలిచి ఇచ్చేవాళ్లు. అదంతా ధర్మంగా నడిచిందని చెప్పను. ముందు దొర పొలం, తర్వాత మిగతావాళ్లు, చివరి మడి వాడికి చివరి నీళ్లు. ఆ అన్యాయం వద్దు. కానీ తూము తెరిచిన చెయ్యే మూసేది కూడా. అది మాత్రం మనం పోగొట్టుకున్నాం.

మా బావి నాలుగు పాళ్ల బావి. మోట కొట్టేవాళ్లు. రాత్రి వంతు వచ్చినవాడు ఆకాశంలో పిల్లలకోడి చుక్కలు ఎక్కడికి ఎక్కాయో, గొర్రుకొయ్యల చుక్కలు ఎక్కడికి వాలాయో చూసి ఎడ్లను విప్పేవాడని నాన్న చెప్పేవాడు. పక్కవాడి వంతులో ఒక బొక్కెన ఎక్కువ తోడితే పంచాయితీ అయ్యేదట. గడియారం లేదు, చట్టం లేదు, మైకు లేదు. నాకు దాంట్లో గొప్ప కనబడలేదు చిన్నప్పుడు, భయమే కనబడింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆకాశం చూసి ఆపగలిగినవాళ్ల మనవలం చేతిలో సెల్‌ఫోన్ పెట్టుకుని ఆపలేకపోతున్నాం.

సెల్‌ఫోన్ అంటే గుర్తొచ్చింది. "ఆటో వద్దంటే సెల్ స్టార్టర్ పెట్టుకుంటా" అని ఇద్దరు తమ్ముళ్లు అన్నారు. నేనే బిగిస్తాను, పైసలు కూడా వస్తాయి. కానీ మన పడమటి బోరు కథ మరచిపోయారా? ఆ బోరు వాళ్ల కొడుకుది హైదరాబాద్‌లో ఉద్యోగం, అక్కడి నుంచే ఫోన్ కొట్టి మోటరు వేసేవాడు. "ఆన్ అయింది" అని మెసేజ్ వచ్చేది. మూడు రోజులు వేశాడు, మూడు రోజులూ మెసేజ్ వచ్చింది. ఇక్కడ బోరు మూతి కాడ పైపు ఊడి నీళ్లన్నీ బోరు పక్కనే పోతున్నాయి, మడి నెర్రెలు విచ్చింది. వాళ్లమ్మ పోయి చూసి ఏడ్చింది. ఫోన్ అబద్ధం చెప్పలేదు. మోటరు ఆన్‌లోనే ఉంది.

నేను నా ఆటో తీసేసింది ఆ కొంగలను చూసిన వారంలోనే. తీయగానే బుద్ధిమంతుణ్ని అయిపోయానని అనుకోకండి. మొదటి రెండు రోజులు హుషారుగా నాలుగున్నరకే లేచాను. మూడో రోజు దుప్పటి తీయలేదు. నాలుగో రోజు మోటరు వేసి, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోతున్న ఆటోరిక్షా కనబడితే ఎక్కి కూర్చున్నాను. మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య నిలబడ్డాక గుర్తొచ్చింది. వచ్చేసరికి నా ఒడ్డు కూడా తెగింది. బావను నవ్విన నోటితోనే మట్టి ఎత్తి పోశాను. చేత్తో వేసే మోటరు కూడా మరచిపోతే ఆటోయే.

ఫోన్‌లో అలారం పెట్టాను. మోగితే ఆపేసి జేబులో పెట్టుకోవడం రెండు రోజుల్లోనే అలవాటయింది. చివరికి పని చేసింది ఒక మేకు. బాక్సు తాళంచెవిని వంటింటి గుమ్మం పక్కన మేకుకు తగిలిస్తాం. మోటరు వేయడానికి పోతే అది నాతో వస్తుంది. బంద్ చేసి, తాళం వేసి వస్తేనే మళ్లీ మేకుకు పడుతుంది. మేకు ఖాళీగా ఉంటే మా ఆవిడ నాకు పళ్లెం పెట్టదు. మొదట్లో ఇది ఆటలా పెట్టుకున్నాం. ఒక మధ్యాహ్నం మాంసం కూర వాసన వస్తుంటే నిజంగానే పళ్లెం పెట్టలేదు. ఎండలో కిలోమీటరు నడిచి పోయి బంద్ చేసి వచ్చాను. ఆ తర్వాత మరచిపోయింది లేదు. ఇప్పుడు కూర లేకున్నా కాళ్లు వాటంతటవే పోతాయి.

రోజూ పోతే ఇంకో లాభం ఉంది. మడిలో నీళ్లు ఎంత ఉన్నాయో కాదు, వరికి ఎంత కావాలో కనబడుతుంది. వరికి ఎప్పుడూ నీళ్లు నిలబడి ఉండాలని మన నమ్మకం. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు ఎప్పటి నుంచో ఒక పద్ధతి చెబుతున్నారు, మన వ్యవసాయ అధికారులూ చెబుతుంటారు. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్క, కింది సగానికి చిల్లులు. దాన్ని ఒడ్డు పక్కన మడిలో గుచ్చి లోపలి మట్టి తీసేయాలి. నాటు కుదురుకున్నాక, పైమట్టి కన్నా 15 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఆరంగుళాలు, నీళ్లు పైపులో కిందికి దిగేదాకా మోటరు వేయనక్కర్లేదు. వేళ్లకు తడి అందుతూనే ఉంటుంది. ఈనే రోజుల్లో మాత్రం ఇది కుదరదు. దానికి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా రెండించుల నీళ్లు నిలబెట్టాలి. ఇలా చేస్తే నీళ్లు 30 శాతం దాకా మిగులుతాయని వాళ్ల లెక్క. నేను ఎకరంలో చేశాను. మట్టి మీద మొదటి సన్నటి నెర్రె కనబడ్డ రోజు గుండె గుబేల్మంది. మా ఆవిడ "పిచ్చి లేచిందా" అంది. పైపులో పుల్ల పెట్టి చూపించాను, తడి ఉంది. వడ్లు మిగతా మడి లెక్కనే వచ్చాయి. కావాలంటే వచ్చి చూడండి, పైపు ముక్క ఇంకా అక్కడే గుచ్చి ఉంది. ఏ ఆటో స్టార్టరూ ఆ పైపులోకి తొంగి చూడదు.

"ఈసారి చెరువు మత్తడి దుంకింది, బోర్లు నిండుగా ఉన్నాయి, ఇప్పుడెందుకు ఈ లొల్లి" అని మీరు అడుగుతారని తెలుసు. 2024 యాసంగిలో జనగామ దిక్కు వరి ఎండి గొర్లను మేపారు కదా, అప్పుడు వంతులు పెట్టుకుందామని మన దగ్గర కూడా రెండు మీటింగులు అయ్యాయి. అయ్యాయా వంతులు? నీళ్లు లేనప్పుడు పక్కవాడి మీద నమ్మకం కూడా ఉండదు. నేను బంద్ చేస్తే వాడు గుంజుకుంటాడని ఎవరికివారు రాత్రంతా నడిపాం, వారంలో నాలుగు బోర్లు ఎత్తిపోయాయి. నీళ్లున్నప్పుడు అలవాటు చేసుకుంటే కరువులో నిలుస్తుందేమో. కరువులో మొదలుపెడితే నిలవదని మాత్రం చూశాం.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. వానాకాలం కోతలు అయిపోయాయి, ఇంకో పది రోజుల్లో నారు పోస్తాం. ఈ యాసంగి ఒక్కటి చూద్దాం. చెరువు దిక్కు ఆరు మోటర్లు పొద్దున, గుట్ట దిక్కు ఐదు మోటర్లు మధ్యాహ్నం నుంచి. నెల తర్వాత మార్చుకుందాం. ఒక్కో మోటరు నాలుగు గంటలు, ఈనే రోజుల్లో కావాలంటే ఇంకో గంట. రాత్రి అందరివీ బంద్. బోరు కూడా పడుకోవాలి. దమ్ము చేసే రోజుల్లో లెక్క వేరేగా ఉంటుంది, అది అక్కడే కూర్చుని మాట్లాడుకుందాం. ఎవరిది తక్కువ నీళ్ల బోరో ఎవరిది ఎక్కువో నాకన్నా మీకే తెలుసు.

పెద్దమ్మ సంగతి వేరు. మోకాళ్లు నొప్పి, బోరు కిలోమీటరున్నర దూరం, కొడుకు లేడు. ఆమె తిరగాలని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆమె వంతు పొద్దున నేను వేస్తాను. నేను ఊళ్లో లేని రోజు తమ్ముడు వేస్తానన్నాడు. ఆమెకు సెల్ స్టార్టర్ ఉంటే ఉండనీ.

తీసిన కార్డులు నేను ఎత్తుకుపోను. ఎవరి కార్డు మీద వాళ్ల పేరు రాసి, ఒక సంచిలో వేసి, పెద్దమ్మ ఇంట్లో దండెం మీద పెడదాం. కోతలయ్యాక ఎవరికి కావాలంటే వాళ్లకు తిరిగి బిగిస్తాను. విప్పినందుకూ బిగించినందుకూ పైసా తీసుకోను.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి ట్రాన్స్‌ఫార్మర్ కాడ కలుద్దాం. చాయ్ నాది. స్క్రూడ్రైవర్, టెస్టర్, ఇన్సులేషన్ టేపు నేను తెస్తాను. మీరు బాక్సు తాళంచెవి తెచ్చుకోండి. నాకు తెలిసి నలుగురి దగ్గర అది లేదు. సిగ్గుపడకుండా శనివారం సాయంత్రంలోగా చెబితే హాక్సా బ్లేడు కూడా సంచిలో వేసుకుంటాను.

మీ
వైండింగ్ బావ